చెప్పులు కుడుతూ చెప్పిన మాట

చెప్పు ఎంత బాగా కుట్టారో తెలియాలంటే పైన చూడకూడదు. పుల్లలచెరువులో వేపచెట్టు కింద కూర్చుని ఇప్పటికీ తోలు చెప్పులు కుట్టే తాత ఒకాయన ఈ సంగతి నాకు చిన్నప్పుడే చెప్పాడు. "ఇట్టా తిప్పి చూడబ్బాయ్" అంటూ అట్టను బోర్లించి పట్టుకునేవాడు. తోలును పొడిచే ఆరె దిగిన చోట తోలు చిట్లకూడదు. కుట్టే తోలు వారు లోపలికి పోయి మళ్లీ పైకి తేలిన చోట ముడి ఉబ్బకూడదు, ఉబ్బితే నాలుగడుగులకే అరికాలు బొబ్బలెక్కుతుంది. రెండు పోట్ల మధ్య ఎడం ఒక్కలాగే ఉండాలి. ఆయన గీత గీసుకోడు, కొలబద్ద పెట్టడు. బొటనవేలి గోరుతో తోలు మీద చిన్నగా నొక్కుతాడు, ఆ నొక్కు పడిన చోటే ఆరె దిగుతుంది.

నేను పరిచయం చేయబోయే పుస్తకాన్ని కూడా అలాగే బోర్లించి చూశాను. దాని పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్'. మన మాటలో 'చెప్పులు కుడుతూ'. 1899లో లండన్‌లో హోడర్ అండ్ స్టౌటన్ వాళ్లు వేశారు. రాసినామె ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో పనిచేసిన మనిషి. పుస్తకం నిండా ఉన్నది మన పడమటి ప్రకాశం, ఒంగోలు, కనిగిరి వైపు మాదిగ పెద్దలు నోటితో చెప్పిన కథలు. నూట పాతికేళ్లు దాటినా ఆ కుట్టు ఊడలేదు. ఎందుకు ఊడలేదో చెప్పాలంటే ముందు నీళ్ల గురించి చెప్పాలి.

పుల్లలచెరువు నుంచి ఉత్తరంగా అడవి దాటి పోతే పల్నాడు. అటువైపు పల్లెల్లో చాలాచోట్ల లూథరన్ చర్చిలు కనిపిస్తాయి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరు అయ్యగారు 1849లో గురజాల చేరి అక్కడ వేసిన విత్తనం అది. ఇటు మార్కాపురం, కంభం, కనిగిరి వైపు వస్తే బాప్టిస్టు చర్చిలు. వరసకు వియ్యాలవారే, పాడేదీ ఇంచుమించు అవే పాటలు. తేడా అంతా నీళ్ల దగ్గర. అటువైపు తల్లి ఒళ్లో పసిబిడ్డ నెత్తి మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు. ఇటువైపు బిడ్డ పెరిగి, తెలివి తెచ్చుకుని, సంఘం ముందు నిలబడి "నేను నమ్ముతున్నాను" అని తన నోటితో తాను సాక్ష్యం చెబితేనే నీళ్లలో ముంచుతారు. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే రోజున ఈ తేడా కాసేపు చర్చకు వస్తుంది, తర్వాత అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు.

మన దగ్గర ఇంత తేలిగ్గా ముగిసే ఈ తేడా, లూథర్ మతం రాజ్యమతంగా ఉన్న యూరప్ దేశాల్లో జైలు దాకా తీసుకుపోయింది. జర్మనీలో 1834 ఏప్రిల్‌లో హాంబర్గ్ దగ్గర ఎల్బ్ నదిలో, రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా ఓంకెన్ అనే వ్యాపారి, మరో ఆరుగురు మునిగి లేచారు. ఆ తర్వాత ఓంకెన్ జైలు చూశాడు. డెన్మార్క్‌లో 1840ల్లో బాప్టిస్టుల పసిపిల్లలకు ప్రభుత్వమే బలవంతంగా బాప్తిస్మం ఇప్పించింది. ఆ పని నేను చేయనని ఎదురుతిరిగిన లూథరన్ పాస్టర్లలో తత్వవేత్త కీర్కెగార్డ్ అన్న పీటర్ ఒకడు. 1849 రాజ్యాంగం వచ్చాకే అక్కడ వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. స్వీడన్‌లో నిల్సన్ అనే నావికుడికి 1850లో దేశ బహిష్కరణ శిక్ష వేశారు. ఇప్పుడు ఆ దేశాల్లో ఆ పట్టుదల లేదు. డెన్మార్క్‌లో నేటికీ జనంలో ఎక్కువ మంది పేర్లు లూథరన్ చర్చి పుస్తకాల్లోనే ఉన్నాయి గానీ ఆదివారం పూట గుడికి పోయేవాళ్లు కొద్దిమందే. పుట్టగానే పేరు రాసుకుంటే సరిపోదు, మనిషి తన నోటితో చెప్పాలి అని బాప్టిస్టులు పట్టుబట్టింది ఎందుకో ఆ ఖాళీ బల్లలను చూస్తే అర్థమవుతుంది.

ఎమ్మా తండ్రి ఆగస్ట్ రౌషెన్‌బుష్ ఈ గొడవ నుంచే వచ్చినవాడు. జర్మనీలో తరతరాలుగా లూథరన్ పాస్టర్ల వంశం ఆయనది. 1846లో అమెరికా చేరి, అక్కడి జర్మన్ వలసజనం మధ్య పనిచేస్తూ, 1850లో నీళ్లలో మునిగి బాప్టిస్టయ్యాడు. తాత ముత్తాతల నుంచి వచ్చినదాన్ని వదిలి, తన మాట తాను చెప్పి కొత్త ఇంట్లో అడుగుపెట్టాడు. ఆయన కొడుకు వాల్టర్ అమెరికాలో క్రైస్తవాన్ని పేదవాడి కూలి దాకా, ఇంటద్దె దాకా తెచ్చిన 'సోషల్ గాస్పెల్' ఆలోచనకు పెద్దదిక్కయ్యాడు. ఆ వాల్టర్ ఒకప్పుడు మన రామాయపట్నం సెమినరీకి రావాలని ఆశపడితే, బైబిలు పాఠం మరీ స్వేచ్ఛగా చెబుతాడని మిషన్ పెద్దలు ఒప్పుకోలేదు. తమ్ముడికి దొరకని తెలుగు నేల అక్కకు దొరికింది.

ఎమ్మా 1882లో మిషనరీగా ఇక్కడికి వచ్చింది. మధ్యలో యూరప్ వెళ్లి స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో చదివి, స్త్రీల హక్కుల కోసం తొలినాళ్లలోనే కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. 1894లో జాన్ ఎవరెట్ క్లౌను పెళ్లి చేసుకుంది. ఒంగోలులో అప్పటికే దాదాపు ముప్పై ఏళ్లుగా పాతుకుపోయిన క్లౌ దొర ఆయనే. చదువుకున్న ఆడమనిషి, మాటను జాగ్రత్తగా తూచే శిక్షణ, ప్రతి మనిషీ తన సాక్ష్యం తానే చెప్పాలనే ఇంటి నమ్మకం. ఈ మూడూ ఆమె చేతికి మూడు పనిముట్లు. ఎదురుగా, అంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి "నీ కథ చెప్పు" అని అడగని మనుషులు.

ఈ పుస్తకంలో నాకు మొదట నచ్చింది దాని వరస. మిషనరీలు రాసే పుస్తకాలు సామాన్యంగా ఓడ దిగడంతో మొదలవుతాయి. దొర వచ్చాడు, చీకటి చూశాడు, దీపం వెలిగించాడు. ఎమ్మా అలా మొదలుపెట్టలేదు. ముందు మాదిగపల్లెను నిలబెట్టింది. వాళ్ల దేవతలు, వాళ్ల పుట్టుక గురించి వాళ్లు చెప్పుకునే కథ, వసిష్ఠుడి భార్య అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకునే గాథ. పెళ్లిలో పురోహితుడు వధూవరులకు చూపించే ఆ నక్షత్రం ఎవరి ఇంటిదో ఊరంతా మరిచిపోయినా మాదిగపల్లె మరిచిపోలేదు. ఆ తర్వాత వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన గురువులు. రాజయోగం నేర్పినవాళ్లు, నాసరయ్య లాంటి సంస్కర్తలు. క్రైస్తవం ఆ తర్వాతే గడప తొక్కుతుంది. అప్పటికి పాఠకుడికి ఒక సంగతి తెలిసిపోతుంది. వీళ్లు ఎవరో వచ్చి నింపడానికి ఎదురుచూస్తున్న ఖాళీ కుండలు కారు. తరాలుగా దేవుణ్ని వెతుకుతున్న మనుషులు. 1899లో, ఒక మిషనరీ కలం నుంచి, ఇది చిన్న విషయం కాదు.

రెండో చోటు మాతంగి. మాదిగల్లో ఒక ఆడమనిషి మీదికి దేవత వస్తుంది. ఆమె మాతంగి. పూనకంలో ఆమె అగ్రహారం వాళ్లను, రెడ్లను, కోమట్లను తిడుతుంది, చేతికర్రతో తాకుతుంది, వాళ్ల మీద ఉమ్ముతుంది. మామూలు రోజున నీడ తగిలితేనే మైలపడే వాళ్లు ఆ రోజు ఆ ఉమ్మికి తల వంచుతారు, అది తమను శుద్ధి చేస్తుందని నమ్ముతారు. ఇది రాసే చోట మరొకరైతే ముక్కు మూసుకునేవారు, లేదా మూఢత్వమని నాలుగు వాక్యాల్లో కొట్టిపారేసేవారు. ఎమ్మా ఆ ఆడమనిషి పక్కన నిలబడి చూసింది. ఏడాది పొడవునా తల వంచినవాళ్ల గుండెలో ఒక్కరోజు పొంగే ఆ ఆనందాన్ని పట్టుకుంది. స్త్రీల హక్కుల మీద ఏళ్లు గడిపిన మనిషి కళ్లకే అది కనిపించిందని నా నమ్మకం. ఈ భాగం ఎంత గట్టిదంటే, 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణదేశ కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు మాతంగి గురించి చెప్పడానికి ఈమె పుస్తకాన్ని కూడా ఆశ్రయించాడు.

మూడోది యర్రగుంట్ల పేరయ్య కథ. మొత్తం పుస్తకంలో దీన్నే నేను ఎక్కువసార్లు తిరగేశాను. పేరయ్యది కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడు. రాజయోగం సాధన చేసినవాడు, పదిమందికి నేర్పినవాడు కూడా. చేసేది తోళ్ల వ్యాపారం. ఆ వ్యాపారం మీదే ఉత్తరంగా ఏలూరు దాకా పోయేవాడు. అక్కడ అలెగ్జాండర్ అనే మిషనరీ మాట విన్నాడు. పాలకొల్లులో బౌడెన్ అనే మరో మిషనరీ మాట విన్నాడు. 1866లో క్లౌ దొర ఒంగోలుకు రాకముందే ఈ మనిషి చెవిలో ఆ కబురు పడి ఉంది. అంటే మన పడమటి పల్లెలకు ఆ మతం మొదట ఒక మాదిగాయన తోళ్ల మోపుతో పాటు వచ్చింది. ఎమ్మా ఈ దారిని ఓపికగా అల్లింది. ఏ వాక్యంలోనూ "అద్భుతం" అని కేక పెట్టదు. సరుకు కోసం పోయిన మనిషి, దారిలో దొరికిన మాట, ఇంటికొచ్చి భార్యతో చెప్పుకోవడం, చుట్టాలకు చెప్పడం. అంతే. తాత చెప్పిన కుట్టు ఇదే, ముడి ఎక్కడా ఉబ్బదు.

పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటేడు జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు దగ్గర మకాం వేస్తే 28 మంది నీళ్లలో దిగారు. వాళ్లకు చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. పైకి చూస్తే మూడూ చిన్న మాటలే. మా పల్లెల అల్లిక తెలిసినవాళ్లకు వాటి బరువు తెలుస్తుంది. ఊళ్లో గొడ్డు చస్తే అది మాదిగలది. దాని మాంసం వాళ్లకు తిండి, తోలు వాళ్లకు పని. ఆ తోలును లందలో సున్నంతో, తంగేడు చెక్కతో ఊనబెట్టి రైతుకు చెప్పులు, కపిలకు తోలు బాన, కాడికి పట్టెడలు చేసివ్వాలి. జాతరకు డప్పు కొట్టాలి. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు వాళ్ల వాటా వాళ్లకు పడుతుంది. ఇప్పుడు ఒకడు ఆదివారం కోతకు రానన్నాడు, చచ్చిన గొడ్డును తిననన్నాడు, జాతరలో డప్పు కొట్టనన్నాడు. ఊరి కట్టులో మూడు చోట్ల దారం తెగినట్టే. కోపాలొచ్చాయి, బావులు మూతపడ్డాయి, తప్పుడు కేసులూ పడ్డాయి. అయినా నిలబడ్డారు. ఆ నిలబడిన పెద్దలే ఎమ్మా ముందు కూర్చుని చెప్పారు.

అదే సమయంలో ఒంగోలులో క్లౌకు ఒక పరీక్ష ఎదురైంది. ఆయన బడికి పైకులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే వాళ్లు మానేస్తారు. భార్యాభర్తలు, అప్పటికి ఆయన మొదటి భార్య హారియట్ ఉంది, ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉండి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే చోటు కనిపించిందట. ఈ లోకంలో తక్కువవాళ్లని అనిపించుకున్నవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం అది. మాదిగలు లోపలికి వచ్చారు, పైకులాల పిల్లలు వెళ్లిపోయారు.

క్లౌ పనితనం వేరే రకం. ఆయన మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876–78 కరువులో అది అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్లకు కూలి చూపించాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు తట్ట, పార. పొద్దుగూకాక మాట. నేను ఎక్కువ గౌరవించేది ఇంకొకటి ఉంది. ఆ కరువులో దాదాపు పదిహేను నెలలు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం చేరారనే మాట రాకూడదని ఆపేశాడు. సహాయం ముగిసి, ఇక దొర చేతిలో పెట్టడానికేమీ లేదని అందరికీ తెలిశాక తలుపు తెరిచాడు. అప్పుడు వచ్చిన జనం చరిత్రకెక్కింది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజున మునిగి లేచారు.

ఆ రోజు పని తీరును కొంచెం దగ్గరగా చూడాలి. నీళ్లలో దిగిన బోధకులు ఆరుగురు, అందరూ తెలుగువాళ్లే. ఒక్కసారికి ఇద్దరు. ఆ ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు. క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున గుమస్తాలు జాబితాలు పట్టుకుని పేర్లు పిలుస్తున్నారు. మధ్యాహ్నం విరామం తీసేస్తే మొత్తం తొమ్మిది గంటలు మించలేదు. ఇద్దరి పనినీ లెక్క కట్టుకుంటే ఒక్కో మనిషికి దాదాపు అర నిమిషం. ఆ అర నిమిషంలో పేరు పిలవాలి, మనిషి నీళ్లలోకి రావాలి, మాట చెప్పాలి, వెనక్కి వాల్చి ముంచి లేపాలి. తొక్కిసలాట లేకుండా, ఎవరి పేరూ తప్పిపోకుండా. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి మార్కాపురం మీదుగా పోయే మన గుండ్లకమ్మ తన ఒడ్డున ఇలాంటి పనితనాన్ని మరొకసారి చూసి ఉండదు. ఆ ఏడాది గడిచేలోగా లెక్క తొమ్మిది వేలు దాటింది. 1882, 83 సంవత్సరాల్లో ఒంగోలు క్షేత్రాన్ని పంచి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్లలో కొత్త కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. మా వైపు ఊళ్లు కంభం, మార్కాపురం కేంద్రాల చుట్టూ తిరగడం అలా మొదలైంది.

క్లౌ 1910లో చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత ఆయన జీవితకథ వచ్చింది, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. అట్ట మీద పేరు క్లౌది, ఆయన కోసం భార్య రాసిపెట్టిందని కింద ఉంటుంది. పుస్తకమంతా "నేను" అని నడుస్తుంది, ఆ "నేను" క్లౌ. ఎమ్మా తన గొంతును పూర్తిగా వెనక్కి తీసుకుంది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకే చేతిపని కనిపిస్తుంది. మొదటిదాంట్లో మాదిగ పెద్దల మాటకు దారి ఇచ్చింది, రెండోదాంట్లో భర్త మాటకు. నాకు మొదటిదే గొప్పగా అనిపిస్తుంది. భర్త మాటను వినేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. పేరయ్య మాటకు ఆమె తప్ప రాయసగాడు లేడు.

లోపాలు లేవా? ఉన్నాయి. పుస్తకం ఉపశీర్షికలో మాదిగలను 'పరయ తెగ' అంది. పరయ అనేది తమిళదేశపు కులం పేరు, మనది కాదు. 'తెగ' కూడా సరైన మాట కాదు. ఇంగ్లీషు పాఠకులకు తేలిగ్గా అర్థం కావాలని వాడి ఉండవచ్చు గానీ, ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఆ రెండు మాటల దగ్గర చెవి మూసుకోవడం నాకు బాధే. పేర్ల అక్షరాలు కూడా చాలాచోట్ల వంకర తిరిగాయి. అరుంధతి ఆ పుస్తకంలో 'అరుంజోడి' అయింది. అయితే ఇది తప్పేనా అని ఆగాను. మా పల్లెల్లో ముసలమ్మలు 'అరుంజోతి' అనే అంటారు. ఆమె పండితుల పలుకును కాకుండా తన ముందు కూర్చున్నవాళ్ల పలుకునే రాసుకుంది. తప్పు అనుకున్నది నాకు పనితనంగా కనిపించిన చోటు ఇది. ఇంకొకటి, ఆమె మిషనరీ. కథలన్నీ చివరికి బాప్తిస్మం రేవుకే చేరాలని ఆమెకు ఉంటుంది. చేరని కథలు, తిరిగి వెనక్కి పోయిన కథలు ఎక్కువ వినిపించవు. అది తెలిసే చదవాలి.

మొన్న ఎండాకాలంలో పుల్లలచెరువు వెళ్లినప్పుడు ఈ పుస్తకంలోని కొన్ని భాగాలను తెలుగులో చెప్పుకుంటూ తాత దగ్గర కూర్చున్నాను. ఎనభై దగ్గరపడ్డాయి ఆయనకు. చేతిలో ఉన్నది ఎవరో రైతు తెచ్చిన పాత జోడు, అట్ట మారుస్తున్నాడు. మాతంగి సంగతికి నవ్వాడు, తన చిన్నప్పుడు పెద్దల నోట విన్నాడట. పేరయ్య తోళ్ల బేరానికి ఏలూరు దాకా పోయాడంటే మాత్రం పని ఆపి, "నడిచేనా?" అన్నాడు. వెల్లంపల్లి రేవు కథ చెప్పాను. రెండు వేల రెండు వందల ఇరవై రెండు అన్నాను. ఆయనకు ఆ అంకె కంటే ఒడ్డున గుమస్తాలు నిలబడి పేర్లు పిలిచారన్న సంగతి పట్టింది.

"రాసుకున్నారా పేర్లు? అందరివీ?"

"రాసుకున్నారు తాతా. పేరు లేకుండా నీళ్లలోకి రానివ్వలా."

కాసేపు ఆరె మొనను బొటనవేలితో తడుముతూ ఉన్నాడు. "మా తాత వాళ్ల నాయన ఆ రేవులోనే మునిగాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఈడి నుంచి నడిచిపోయాడంట, సద్దిమూట కట్టుకుని. అయితే ఆయన పేరూ ఉండాల. ఏ ఊరి కింద రాశారో."

ఆ పేరేమిటని అడిగాను. చెప్పాడు. మా వైపు ఇప్పుడెవరూ పెట్టుకోని పాత పేరు. పుస్తకాల్లో రాసే తీరు ఒకటి, ఆయన పలికిన తీరు ఒకటి. నా నోటుబుక్కులో ఆయన పలికినట్టే రాసుకున్నాను. రాశాక ఒకసారి చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "ఆ, అదే," అన్నాడు.